బండి స్టాండును ఇంట్లోనే బిగించుకోవడం: స్ప్రింగు కన్నా ముందు బోల్టును చూడండి

రోడ్డు మీద ముక్కూ మొహం తెలియనివారు కూడా చేయి ఊపి, కాలు ఆడించి మరీ మనల్ని హెచ్చరించే సందర్భం ఒకటుంది: సైడు స్టాండు తీయకుండా బండి నడుపుతున్నప్పుడు. ఆ హెచ్చరిక వెనుక నిజమైన భయం ఉంది. స్టాండు దిగి ఉన్న బండి ఎడమ మలుపులో వంగితే ఆ ఇనుప కాలు రోడ్డుకు తన్నుకుంటుంది. బండి ఆ కాలి మీద లేచి, నడిపేవారిని విసిరేస్తుంది. ఇందులో మన మరపు వల్ల జరిగేది కొంత. ఎత్తిన స్టాండు గతుకుల్లో తనంతట తానే జారి కిందికి రావడం వల్ల జరిగేది కొంత. ఈ రెండో ప్రమాదాన్ని కొద్దిపాటి పనిముట్లతో, ఒక పూట శ్రమతో ఇంటి ముందే ఆపవచ్చు.

మా ఇంట్లోని వంద సీసీ బండికి ఒకే ఏడాదిలో రెండుసార్లు స్టాండు స్ప్రింగు తెగింది. రెండుసార్లూ కొత్త స్ప్రింగు తగిలించి పని అయిపోయిందనుకున్నాం. మూడోసారి స్టాండు మొత్తం విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. స్టాండు తిరిగే బోల్టు ఒక పక్క సగానికి అరిగిపోయింది, గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. స్టాండు అటూ ఇటూ ఊగుతూ స్ప్రింగు కొక్కేన్ని రోజూ కొంచెం కొంచెంగా తెంపుతోంది. అప్పటినుంచి ఎవరి బండికి స్ప్రింగు తెగినా నేను ముందు బోల్టునే చూస్తున్నాను. మీరూ ఈ పనిని అక్కడినుంచే మొదలుపెట్టండి.

స్టాండు ఎలా పనిచేస్తుంది

సైడు స్టాండులో ముఖ్యమైన భాగాలు నాలుగు. ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, వెల్డింగు చేసిన ఇనుప చెవి, దానికి తగిలే స్టాండు కాలు, రెండింటినీ కలిపే బోల్టు, లాగి పట్టే స్ప్రింగు. బోల్టు వెనుక అది వదులు కాకుండా ఒక లాక్ నట్టు ఉంటుంది. చాలా బండ్లలో స్టాండు పైకొన రెండు రెక్కలుగా చీలి, మధ్యలో ఛాసిస్ చెవిని పట్టుకుంటుంది.

ఈ బోల్టు మామూలు బోల్టు కాదు. తల కింద కొంత భాగం మరలు లేకుండా నున్నగా, కాస్త లావుగా ఉంటుంది. స్టాండు తిరిగేది ఆ నున్నటి భాగం మీదే. బోల్టును పూర్తిగా బిగించినా స్టాండు తేలికగా తిరిగేది అందుకే: బిగువంతా ఆ లావు భాగం చివరి మెట్టు మీద ఆగిపోతుంది, స్టాండు మీద పడదు. కొట్లో దొరికే మామూలు బోల్టు అదే లావున కనిపించినా ఇక్కడ వాడకూడదు. దాని మరలు రంపంలా పనిచేసి కొన్ని నెలల్లోనే రంధ్రాన్ని కోసేస్తాయి. పైగా బిగిస్తే స్టాండు తిరగదు, వదిలితే బోల్టు ఊడిపోతుంది.

స్ప్రింగు చేసే పని ఇంకా చక్కనిది. ఒకే స్ప్రింగు ఎత్తిన స్టాండును పైనే పట్టి ఉంచుతుంది, దించిన స్టాండును కిందే పట్టి ఉంచుతుంది. స్టాండును తిప్పుతున్నప్పుడు స్ప్రింగు సాగుతూ పోతుంది, మధ్యలో ఎక్కడో దాని గీత బోల్టు నడిమి బిందువును దాటుతుంది. దాటిన క్షణంలో లాగే దిక్కు మారుతుంది. కాలితో తన్నినప్పుడు టప్‌మని వినిపించేది ఆ మార్పే. స్టాండు వంగినా, కొక్కెం అరిగినా, వేరే బండి స్ప్రింగు తగిలించినా ఆ గీత తప్పిపోతుంది, స్టాండు ఏదో ఒక వైపు నిలవదు.

విడిభాగాలు కొనే ముందు

బండి పేరు ఒక్కటి చెబితే చాలదు, తయారైన సంవత్సరం కూడా చెప్పండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు తప్పనిసరి అయ్యాక చాలా మోడళ్లలో స్టాండు దగ్గర స్విచ్ చేరింది. స్టాండు దించి ఉంటే ఇంజిన్‌ను ఆపేది అదే. పేరు ఒకటే అయినా పాత బండి స్టాండు కొత్త బండికి సరిపోకపోవచ్చు, స్విచ్‌కు తగిలే చోటు దానికి ఉండదు. వీలైతే పాత భాగాన్ని విప్పి కొట్టుకు తీసుకెళ్లి, కొత్తదాన్ని పక్కన పెట్టి చూడండి. కాలి పొడవు, స్ప్రింగు కొక్కెం తగిలే మేకు ఉన్న చోటు, స్ప్రింగు పొడవు, స్ప్రింగులు ఒకటా రెండా అన్నది చూడాలి. కొన్ని బండ్లలో పెద్ద స్ప్రింగు లోపల చిన్నది దాగి ఉంటుంది, దాన్ని వదిలేసి ఒక్కటే తగిలించిన బండ్లను చాలా చూశాను.

పొడవు విషయంలో రాజీ వద్దు. స్టాండు పొడవు ఎక్కువైతే బండి నిటారుగా నిలుస్తుంది, గాలి తోసినా కుడి పక్కకు పడుతుంది. తక్కువైతే మరీ ఎడమకు ఒరిగి, బరువంతా ఆ చిన్న బోల్టు మీద పడుతుంది.

స్ప్రింగుతో పాటు బోల్టు, లాక్ నట్టు కూడా కొత్తవే తీసుకోండి. నట్టు లోపల నైలాన్ వలయం ఉంటే అది ఒక్కసారి వాడకానికే, పాతదాన్ని మళ్లీ బిగిస్తే పట్టు ఉండదు. సెంటర్ స్టాండు పని కూడా ఉంటే బుష్‌లు (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు), వాషర్లు, స్ప్లిట్ పిన్నులు (ఇరుసు జారకుండా దూర్చి, రెండు కాళ్లూ వంచే పిన్నులు) కావాలి.

పనిముట్ల జాబితా చిన్నదే. రెండు రింగు పానాలు (బోల్టు తలకు ఒకటి, నట్టుకు ఒకటి, కొలత బండిని బట్టి మారుతుంది కనుక 12, 14, 17 సైజులు చేతిలో ఉంటే మంచిది), కటింగ్ ప్లేయర్, పెద్ద స్క్రూడ్రైవర్, సుత్తి, వైరు బ్రష్, గరుకు కాగితం, కొంచెం కిరోసిన్, ఛాసిస్‌కు వాడే గ్రీజు, గట్టి నైలాన్ తాడు, పాత సైకిల్ ట్యూబు ముక్క. వీటన్నింటికన్నా ముందు కళ్లకు రక్షణ అద్దాలు. స్ప్రింగు చేజారితే నేరుగా ముఖం మీదికే వస్తుంది, అద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోకండి.

బండిని కదలకుండా నిలపడం

ఈ పనిలో దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇక్కడే. చదునైన గచ్చు మీద, సైలెన్సర్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి. తాళంచెవి తీసేయండి. సైడు స్టాండు పని అయితే బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ముందు బ్రేకు లివర్‌ను నొక్కి సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు గట్టిగా చుట్టేయండి. ముందు చక్రానికి ముందువైపు ఒక ఇటుక పెట్టండి. సెంటర్ స్టాండు మీద ఉన్న బండిని ముందుకు తోస్తే ఆ స్టాండు మడిచిపోతుంది, మీరు స్ప్రింగును లాగే బలమే బండిని ముందుకు దింపేయవచ్చు. అందుకే ఇటుక తప్పనిసరి.

సెంటర్ స్టాండు లేని బండి అయితే ఒంటరిగా ఈ పనికి దిగవద్దు. బండిని మొదటి గేరులో పెట్టి, ముందు బ్రేకు కట్టి, కుడి హ్యాండిల్ కొనను గోడకు ఆనించి, మధ్యలో మడతపెట్టిన గోనెసంచి ఉంచి, ఎడమ పక్కన ఇంకొకరు పట్టుకుని నిలబడాలి. పట్టుకునే మనిషి పని అయ్యేవరకు చేయి తీయకూడదు. తోడు దొరకకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లడమే మేలు.

విప్పడం

ముందు ఫోనుతో రెండు మూడు ఫొటోలు తీయండి. స్ప్రింగు కొక్కెం నోరు ఏ వైపు తెరుచుకుని ఉందో, వాషరు ఎటు ఉందో, స్విచ్ వైరు ఎలా వెళ్లిందో అన్నీ వాటిలో కనిపించాలి. గంట తర్వాత మీ జ్ఞాపకం కన్నా అవే నమ్మదగినవి.

స్టాండును పూర్తిగా పైకి ఎత్తండి. చాలా బండ్లలో స్ప్రింగు తక్కువ సాగి ఉండేది అప్పుడే. తాడును స్ప్రింగు కొక్కెంలోంచి రెండు పేటలుగా దూర్చి, బయటి కొనలను స్క్రూడ్రైవర్ కాడకు ముడివేయండి. ఇప్పుడు స్క్రూడ్రైవర్ మీకు పిడి. దాన్ని స్ప్రింగు గీత వెంటే లాగితే కొక్కెం మేకు మీదనుంచి జారి వస్తుంది. ప్లేయర్‌తో కొక్కేన్ని కొరికి లాగకండి, జారుతుంది, పైగా స్ప్రింగు మీద గీత పడుతుంది. ఆ గీత దగ్గరే రేపు తెగుతుంది.

స్ప్రింగు వచ్చాక బోల్టు తలను ఒక పానాతో పట్టి ఉంచి వెనుక లాక్ నట్టును విప్పండి. నట్టు వచ్చిన తర్వాతే బోల్టు. చాలామంది ఈ వరుసను తిరగేసి, నట్టు ఉండగానే బోల్టును తిప్పి, అది పట్టి ఉండే రెక్కలోని మరలు పాడుచేస్తారు. తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే నూనెగానీ డీజిల్‌గానీ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున సుత్తితో తల మీద నాలుగు దెబ్బలు మెల్లగా కొట్టి, ముందు బిగించే వైపు రవ్వంత తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. మంటతో వేడి చేసే పని ఇంట్లో వద్దు. పైన పెట్రోలు ట్యాంకు ఉంది.

శుభ్రం చేసి చూడడం

తొందరగా ముగించాలనిపించేది ఇక్కడే, తొందరపడకూడనిదీ ఇక్కడే. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము కలిసి బోల్టు చుట్టూ గట్టి పెచ్చుగా పేరుకుపోతాయి. స్టాండు కదలకపోవడానికి చాలా సందర్భాల్లో ఈ పెచ్చే కారణం. స్టాండు రెక్కల లోపలి వైపు, ఛాసిస్ చెవి రెండు వైపులా, రంధ్రం లోపల కిరోసిన్ రాసి, వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. తుప్పు మచ్చలుంటే గరుకు కాగితం వాడండి. చివరికి పొడి గుడ్డతో తుడవండి.

ఇప్పుడు పాత బోల్టు నున్నటి భాగాన్ని వేలిగోరుతో నిమరండి. గోరు ఎక్కడైనా మెట్టులా ఆగితే బోల్టు అరిగింది. తర్వాత కొత్త బోల్టును ఛాసిస్ చెవి రంధ్రంలో పెట్టి అటూ ఇటూ ఊపండి. కొంచెం కదలిక సహజం, కానీ కళ్లకు కనిపించేంత ఊగితే రంధ్రం అరిగిందని అర్థం. స్టాండు రెక్కల రంధ్రాలు అరిగితే కొత్త స్టాండు వేస్తే సరిపోతుంది. ఛాసిస్ చెవి అరిగినా, దాని వెల్డింగులో సన్నని పగులు కనిపించినా అక్కడితో ఇంటి పని ఆపేయండి. అది వెల్డింగు తెలిసినవారు చేయాల్సిన పని. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి అయితే కరెంటు వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పమని మీరే అడిగి చేయించండి, లేకపోతే లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు దెబ్బతినవచ్చు.

వంగిన స్టాండును పైపు దూర్చి సరిచేసే అలవాటు ఊళ్లలో బాగా ఉంది. ఒకసారి వంగిన ఇనుము మళ్లీ వంచితే బలహీనపడుతుంది, అడుగు పలక అతుకు దగ్గర పగులుతుంది. స్టాండు వంగిందంటే మార్చాల్సిందే.

బోల్టు, నట్టు బిగించే వరుస

గ్రీజును బోల్టు నున్నటి భాగానికి, చెవి రెండు వైపులా, రంధ్రం లోపల పలుచగా రాయండి. మరలకు రాయవద్దు. గ్రీజు ఎక్కువైతే దుమ్మును పట్టి మళ్లీ పెచ్చు కడుతుంది. గ్రీజు బదులు ఇంజిన్ ఆయిల్ పోస్తే వారం తిరగకముందే కారిపోతుంది.

స్టాండును చెవికి తొడిగి బోల్టును మొదట చేత్తోనే తిప్పండి. చేత్తో కనీసం మూడు నాలుగు చుట్లు సాఫీగా ఎక్కాలి. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే మరలు వంకరగా పట్టాయని అర్థం, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత పానాతో మెట్టు ఆనేదాకా బిగించండి. ఇప్పుడు స్ప్రింగు లేకుండా స్టాండును వేలితో ఆడించి చూడండి. తన బరువుకే కిందికి దిగాలి, పక్కలకు ఊగకూడదు. బిగుతుగా ఉంటే రెక్కలు లోపలికి నొక్కుకుపోయాయి లేదా మురికి ఇంకా ఉంది. అప్పుడు బోల్టును వదులు చేసి సర్దుకోవడం తప్పు దారి, విప్పి కారణం చూడండి.

స్టాండు సాఫీగా తిరుగుతోందని తేలాకే లాక్ నట్టు. బోల్టు తలను ఒక పానాతో కదలకుండా పట్టి, ఇంకో పానాతో నట్టును గట్టిగా బిగించండి. బోల్టు కూడా నట్టుతో పాటు తిరిగితే ఇంతవరకు సర్దినదంతా పోతుంది. ఎంత బలంతో బిగించాలో మీ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది. బోల్టుకు తక్కువ, నట్టుకు ఎక్కువ చెప్పడం మామూలే, ఎందుకంటే నిజమైన తాళం నట్టే. బిగించాక స్టాండును మళ్లీ ఒకసారి ఆడించి చూడండి.

స్ప్రింగు తగిలించడం

మొదట, చేయి సరిగా అందని మేకుకు స్ప్రింగు ఒక కొనను తగిలించండి. ఫొటో చూసి కొక్కెం నోరు అదే వైపు ఉంచండి. స్టాండును పైకి ఎత్తి ఉంచి, రెండో కొనకు తాడు, స్క్రూడ్రైవర్ పిడి పద్ధతిని వాడండి. లాగే దిక్కు వీలైనంత బండికి పక్కకు లేదా వెనక్కు ఉండాలి, ముందుకు కాదు. ముఖం స్ప్రింగు గీతలో ఉండకూడదు, దానికి పక్కగా కూర్చోండి.

చేతుల్లో అంత బలం లేనివారికి ఇంకో పద్ధతి ఉంది. స్ప్రింగును ఒక పక్కకు వంచితే ఆ పక్క చుట్ల మధ్య సందులు తెరుచుకుంటాయి. ఒక్కో సందులో ఒక్కో రూపాయి నాణెంగానీ పలుచటి వాషరుగానీ దూర్చండి. తర్వాత రెండో పక్కకు వంచి మిగిలిన సందుల్లో దూర్చండి. బల్లకు బిగించే వైసు ఉంటే ఒక కొనను అందులో పట్టించి వంచడం తేలిక. ఇలా స్ప్రింగు దానంతట అదే సాగి నిలుస్తుంది, రెండు మేకులకూ చేత్తోనే తగిలించవచ్చు. ఆ తర్వాత స్టాండును మెల్లగా దించితే స్ప్రింగు ఇంకా సాగి నాణేలు రాలిపోతాయి. అన్నీ రాలాయో లేదో లెక్కపెట్టుకోండి, ఒక్కటి మిగిలినా స్ప్రింగు పూర్తిగా ముడుచుకోదు. లోపలి స్ప్రింగు ఉన్న బండ్లలో ఈ పద్ధతి అంత బాగా కుదరదు, తాడే వాడాలి.

స్విచ్ ఉన్న బండి అయితే స్విచ్ మేకు స్టాండులోని రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి, అప్పుడే దాని బోల్టు బిగించండి. వైరు స్ప్రింగుకు, సైలెన్సర్‌కు తగలకుండా పాత దారిలోనే పంపండి. స్విచ్ పాడైందని రెండు వైర్లు కలిపేసి బండి నడిపేవారు ఉన్నారు. మన మరపునుంచి మనల్ని కాపాడే ఒక్క ఏర్పాటునూ అలా చేజేతులా తీసేస్తున్నాం. దయచేసి ఆ పని చేయకండి, కొత్త స్విచ్ వేయండి.

సెంటర్ స్టాండు అయితే

బండిని సైడు స్టాండు మీద నిలిపి మొదటి గేరులో పెట్టండి. ముందు బ్రేకు కట్టి, చక్రాలకు ముందూ వెనుకా ఇటుకలు ఆనించండి. స్ప్రింగు తీసి, స్ప్లిట్ పిన్ను కాళ్లు నిటారు చేసి ప్లేయర్‌తో లాగండి. వాషరు తీసి, అడ్డంగా ఉన్న ఇరుసును సుత్తితో, మధ్యలో చెక్కముక్క పెట్టి తట్టండి. కొన్ని బండ్లలో వెనుక బ్రేకు పెడల్ కూడా ఇదే ఇరుసు మీద తిరుగుతుంది, కొన్నిట్లో సైలెన్సర్‌ను కాస్త వదులు చేయాల్సి వస్తుంది. పెడల్ విప్పితే పని ముగిశాక బ్రేకు పడుతోందా, బ్రేకు లైటు వెలుగుతోందా అని తప్పక చూడండి.

బుష్‌లు అరిగితే మార్చండి, ఇరుసును తుడిచి గ్రీజు రాయండి. తిరిగి బిగించేటప్పుడు శ్రమ తగ్గించే కిటుకు ఇది: ఇరుసు పెట్టకముందే స్ప్రింగు రెండు కొనలనూ తగిలించండి. అప్పుడు స్టాండు వదులుగా వేలాడుతుంది కనుక స్ప్రింగు సులువుగా ఎక్కుతుంది. తర్వాత స్టాండును రెండు చేతులతో లాగి రంధ్రాలు ఎదురెదురుగా తెచ్చి ఇరుసు దూర్చాలి. దూర్చేందుకు ఇంకొకరు ఉంటే పని నిమిషంలో అవుతుంది.

స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయండి. దాని చోట మేకు, ఇనుప తీగ వేయడం ప్రమాదం. అది ఊడితే ఇరుసు జారి, స్టాండు నడిచే బండి కింద వేలాడుతుంది. ఎత్తిన స్టాండు ఆనే రబ్బరు బిళ్ల ఉందో లేదో కూడా చూడండి. అది రాలిపోయిన బండ్లలో గతుకు వచ్చినప్పుడల్లా ఇనుము ఇనుముకు కొట్టుకునే శబ్దం వస్తుంది.

పరీక్ష

స్టాండును ఇరవైసార్లు ఎత్తి దించండి. ప్రతిసారీ రెండు చివరలా గట్టిగా ఆగాలి. ఎత్తి ఉంచి చేత్తో కిందికి కొంచెం నొక్కి వదిలితే వెంటనే పైకి పోవాలి. తర్వాత బండిని సైడు స్టాండు మీద నిలిపి, చేతులు సిద్ధంగా ఉంచుకుని, సీటు మీద మెల్లగా బరువు వేసి చూడండి.

స్విచ్‌ను పరీక్షించాలంటే బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడించి, సైడు స్టాండు దించండి. క్లచ్ నొక్కి పట్టి మొదటి గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకపోతే క్లచ్ వదలకుండా తాళం ఆపేయండి. స్టాండు దించి ఉంటే అసలు స్టార్టే కాని బండ్లు కూడా ఉన్నాయి, మీ బండి పద్ధతి దాని పుస్తకంలో చూసుకోండి.

మొదటి ప్రయాణం దగ్గరలోనే చేయండి. రెండు మూడు స్పీడు బ్రేకర్లు మెల్లగా ఎక్కించి, ఆగి, వంగి చూడండి. స్టాండు ఉన్నచోటే ఉండాలి.

ఆఖరుగా ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్ తీసుకుని నట్టు మీదనుంచి బోల్టు కొన మీదుగా ఒకే సన్నని గీత గీయండి. వారం తర్వాత, ఆపైన బండి కడిగిన ప్రతిసారీ ఆ గీతను చూడండి. రెండు ముక్కలూ ఒకే వరుసలో ఉంటే నట్టు కదల్లేదు. పక్కకు జరిగి ఉంటే అదే రోజు పానాలు బయటికి తీయండి.